తాళం వేయాలా, టైం పెట్టాలా? ఆటిజం ఉన్న పిల్లల అతి ఆకలికి ఏ దారి ఎంచుకోవాలి

మా బాబుకు ఆరేళ్ళప్పుడు రెండు ఇడ్లీలు తినిపించడానికి గంట పట్టేది. ఎనిమిదేళ్ళు వచ్చేసరికి ఆరు ఇడ్లీలు తిని, ఖాళీ ప్లేటు పట్టుకుని మళ్ళీ వంటింటి గుమ్మంలో నిలబడేవాడు. ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడిలో మా వీధిలో తెలుగిళ్ళూ ఒడియా ఇళ్ళూ కలిసే ఉంటాయి. రెండు భాషల్లోనూ నాకు వినబడిన మాట ఒకటే: "ఎదిగే పిల్లాడు, తిననీ." ఇన్నాళ్ళూ తినని పిల్లాడు తింటున్నాడని మేమూ సంబరపడ్డాం. చొక్కాలు బిగుతైపోయాయి, మెట్లెక్కితే ఆయాసం మొదలైంది, ఒకరోజు పక్కింటివాళ్ళ వంటింట్లో దొరికాడు. అప్పుడు గానీ భయం వేయలేదు.

ఆ తర్వాత మూడేళ్ళలో చాలామంది చాలా దారులు చెప్పారు. బీరువాకు తాళం వేయమన్నారు, మందు మార్చమన్నారు, గోధుమ మాన్పించమన్నారు, వైజాగ్ తీసుకెళ్ళమన్నారు. కొన్ని చేశాం, కొన్ని తప్పుగా చేశాం. గుణుపూర్, రాయగడ, బ్రహ్మపుర, పర్లాకిమిడి వైపు ఉండే మన తెలుగు ఇళ్ళలో ఇలాంటి పిల్లలున్నవాళ్ళకు ఆ దారుల్లో ఏది ఎప్పుడు పనికొస్తుందో, ఏది ఎందుకు పనికిరాదో చెప్పాలని రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. మందుల విషయం మీ డాక్టరుతో మాట్లాడాకే తేల్చుకోండి.

ముందు ఆకలి ఎక్కడి నుంచి వస్తోందో చూడండి

ఈ పని చేయకుండా ఏ దారి ఎంచుకున్నా చీకట్లో రాయి వేసినట్టే. నేను మొదట చేసిన తప్పు ఇదే, అందుకే ఇక్కడ కాసేపు ఆగుతున్నాను.

ఒక వారం పాటు నోటుబుక్కులో రాయండి. ఎన్ని గంటలకు తిండి అడిగాడు, ఏం అడిగాడు, దానికి ముందు ఏం జరిగింది, ఏం ఇస్తే లేదా ఏం చేస్తే ఆగాడు. అంతే. వారం తిరిగేసరికి ఆ కాగితాల్లో ఒక తీరు కనబడుతుంది.

కొందరు పిల్లలకు కడుపు నిండిన కబురు మెదడుకు సరిగా చేరదు. ఆకలి, దాహం, మూత్రం వస్తున్న భావన, నొప్పి, చలి లాంటి లోపలి సంకేతాలను గుర్తించడంలో ఆటిజం ఉన్న చాలామందికి తేడా ఉంటుంది. అలాంటి పిల్లవాడు గబగబా తింటాడు, గిన్నె ఖాళీ అయితే ఆగుతాడు తప్ప పొట్ట నిండితే ఆగడు. వాంతయ్యేదాకా తిన్న రోజులు కూడా ఉంటాయి. మావాడికి మోకాలు చెక్కుకుపోయినా ఏడ్చేవాడు కాదు, చలికి వణుకుతూ కూడా స్వెటర్ అడిగేవాడు కాదు. తిండి సంగతి కూడా వీటితో కలిపి చూడాలని ఒక థెరపిస్టు చెప్పేదాకా నాకు తట్టలేదు.

ఇంకొందరికి కావలసింది తిండి కాదు, నోటికి పని. కాలరు నములుతారు, పెన్సిలు కొరుకుతారు, కరకరలాడేవే అడుగుతారు. ఇలాంటి పిల్లవాడికి కీరా ముక్కో క్యారెట్టో ఇస్తే కాసేపు ఊరుకుంటాడు, మెత్తటి అన్నం ఎంత పెట్టినా ఊరుకోడు. తేడా అక్కడే తెలిసిపోతుంది.

ఏమీ తోచకో, టెన్షన్ వల్లో తినేవాళ్ళు కూడా ఉంటారు. నోటుబుక్కులో బడి నుంచి వచ్చిన గంట, ఆదివారం మధ్యాహ్నం, కరెంటు పోయిన సాయంత్రం, చుట్టాలు నిండిన రోజు కనబడుతుంటే అది ఈ రకం. రాత్రి నిద్ర సరిగా లేని పిల్లలకు మర్నాడు ఆకలి పెరుగుతుంది. ఆకలి పెంచే హార్మోను ఎక్కువై, తృప్తినిచ్చే హార్మోను తగ్గుతుంది. ఆటిజంలో నిద్ర సమస్యలు మామూలే కాబట్టి నిద్ర గంటలు కూడా పక్కనే రాయండి.

మందు మొదలుపెట్టిన కొన్ని వారాల్లోనే ఆకలి అమాంతం పెరిగితే మొదటి అనుమానం మందు మీదే పెట్టాలి. దాని గురించి కింద విడిగా చెబుతాను.

చివరగా జబ్బులు. పుట్టినప్పుడు ఒళ్ళు మెత్తగా వేలాడిపోతూ, పాలు చప్పరించే బలం కూడా లేని పిల్లవాడు, తర్వాత కొన్నేళ్ళకు తీరని ఆకలితో తిండి వెతుక్కుంటూ తిరుగుతుంటే, చేతులు కాళ్ళు చిన్నవిగా, ఎత్తు తక్కువగా ఉంటే, ప్రేడర్ విల్లీ సిండ్రోమ్ అవునో కాదో చూడమని డాక్టరును అడగండి. అది 15వ క్రోమోజోములో వచ్చే తేడా. డిఎన్ఎ మిథైలేషన్ అనే రక్త పరీక్షతో తెలుస్తుంది. ఈ పిల్లల్లో కొందరికి ఆటిజం లక్షణాలు కూడా ఉంటాయి కాబట్టి ఒక పేరు పెట్టి రెండోదాన్ని వదిలేసే ప్రమాదం ఉంది. బరువు పెరుగుతూ ఎత్తు పెరగకపోతే థైరాయిడ్ చూపించాలి. తెగ తింటూ, తెగ నీళ్ళు తాగుతూ, మాటిమాటికీ మూత్రానికి వెళుతూ, అయినా చిక్కిపోతుంటే అది మధుమేహం కావచ్చు. వారం నోటుబుక్కు కోసం ఆగకుండా ఆ రోజే షుగర్ చూపించాలి.

మట్టి, సుద్ద, కాగితం, గోడ సున్నం లాంటివి తినడం వేరే సంగతి. దాన్ని అతి ఆకలి అనుకోకండి. రక్తహీనత, ఒంట్లో సీసం ఎంత ఉందో పరీక్ష చేయించాలి. "నులిపురుగులు ఉన్నాయి, అందుకే తింటున్నాడు" అనే మాట మన ఇళ్ళలో గట్టిగా పాతుకుపోయింది. నులిపురుగుల మాత్ర ఏడాదికి రెండుసార్లు బడిలోనూ అంగన్వాడీలోనూ ఇస్తారు, వేయించండి, మంచిదే. ఈ ఆకలి దానితో పోతుందని మాత్రం ఎదురుచూడకండి.

తాళమా, టైమా, కంటికి కనబడకుండా ఉంచడమా

మూడూ చేశాను.

తాళం మొదటిది. ఫ్రిజ్‌కు గొలుసు, డబ్బాల బీరువాకు తాళం, తాళంచెవి నా కొంగుకు. మొదటి నాలుగు రోజులు ఇల్లు ప్రశాంతంగా ఉంది. ఐదో రోజు గొళ్ళెం ఊడొచ్చింది. తర్వాత వాడు బయటకు వెళ్ళడం మొదలుపెట్టాడు, కిరాణా కొట్టు అరుగు మీది బిస్కెట్లు తీసుకుని అక్కడే కూర్చుని తిన్నాడు. దిండు కింద పూరీ ముక్కలు, స్కూలు సంచిలో నలిగిన లడ్డూ దొరకడం మొదలైంది. తిండి మళ్ళీ దొరుకుతుందో లేదో అన్న భయం ఉన్న పిల్లవాడికి తాళం ఆ భయాన్నే రోజూ చూపిస్తుంది. మాట సరిగా రాని పిల్లవాడికి ఆ తాళం ఎప్పుడు తెరుచుకుంటుందో ఎవరు చెబుతారు?

అయితే తాళమే సరైన వైద్యం అయ్యే పిల్లలు ఉన్నారు. పైన చెప్పిన ప్రేడర్ విల్లీ పిల్లలకు వంటింటికి తాళం వేయమని డాక్టర్లే చెబుతారు. వాళ్ళకు తృప్తి అనేదే చేరదు, కడుపు పగిలేంత తిని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. తిండి అందదని ఖాయంగా తెలిస్తే వాళ్ళ మనసు కూడా నెమ్మదిస్తుంది. పచ్చి మాంసం, ఫినాయిల్, నూనె డబ్బా దాకా చేయి వెళ్ళే పిల్లలకు కూడా తాళం తప్పదు. ఆ తాళం వెనకాల కూడా టైం పట్టిక ఉండాలి. పట్టిక లేని తాళం శిక్షే.

కంటికి కనబడకుండా ఉంచడం సులువైన దారి, దీనితోనే మొదలుపెట్టండి. బిస్కెట్ డబ్బా, మిక్స్చర్ సీసా హాల్లో నుంచి తీసేయండి. పారదర్శకమైన డబ్బాల బదులు స్టీలు డబ్బాలు వాడండి. భోజనం దగ్గర గిన్నెలన్నీ పరిచి పెట్టుకోకుండా వంటింట్లోనే వడ్డించి కంచం తీసుకురండి. చూసినదల్లా తినాలనిపించే పిల్లలకు, ఏమీ తోచక తినేవాళ్ళకు ఇదొక్కటే సగం పని చేస్తుంది. లోపలి కబురు అందని పిల్లవాడికి మాత్రం చాలదు.

మాకు నిలిచింది టైం పట్టిక. రోజుకు ఐదుసార్లు తిండి: పొద్దున్న ఏడున్నర, బడిలో పదిన్నర, మధ్యాహ్నం ఒకటిన్నర, సాయంత్రం నాలుగున్నర, రాత్రి ఎనిమిది. మావాడు తినే కంచం, టిఫిన్ డబ్బా, గ్లాసు ఫోటోలు తీసి, ప్రింటు వేయించి, వరుసగా గోడకు అంటించాం. ఒక్కోటి అయ్యాక వాడే దాన్ని తీసి కింద సంచిలో వేస్తాడు. మధ్య గంటల్లో వంటింటి గుమ్మానికి ఎర్ర గుడ్డ కడతాం. గుడ్డ ఉంటే వంటిల్లు మూసినట్టు, తీస్తే తెరిచినట్టు. ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరితోనూ పోట్లాడక్కర్లేదు.

ఇందులో గట్టి పట్టు ఎక్కడుందో చెబుతాను. "కాసేపాగు", "ఇప్పుడే కదా తిన్నావు", "తర్వాత ఇస్తాలే" అనే మాటలకు మన పిల్లలకు అర్థం ఉండదు. కాసేపు అంటే ఎంత? గోడ గడియారం మీద ముల్లు చేరవలసిన చోట స్టిక్కర్ అంటించి చూపిస్తే అర్థమవుతుంది. మొదటి వారం గుడ్డ దగ్గర నిలబడి ఏడ్చాడు, నన్ను రక్కాడు కూడా. మూడో వారానికి గడియారం దగ్గర నిలబడటం నేర్చుకున్నాడు.

రెండోసారి వడ్డించడం ఎప్పుడూ మానొద్దు. మొదట తక్కువ పెట్టండి, తిన్నాక ఇసుక గడియారం తిప్పండి, ఇసుక అయ్యాక మళ్ళీ కొంచెం పెట్టండి. కడుపు నిండిన సంకేతం మెదడుకు చేరడానికి ఎవరికైనా ఇరవై నిమిషాల దాకా పడుతుంది. గబగబా తినే పిల్లవాడు ఆ లోపే రెండింతలు తినేస్తాడు. చిన్న చెంచా, గదులున్న కంచం కూడా ఇందుకే. నోటి నిండా కుక్కుకునే పిల్లలకు గొంతులో అడ్డం పడే ప్రమాదం ఉంది, దగ్గరే కూర్చోండి.

భోజనం ముగించే మాట కూడా ఒకటే ఉండాలి. ఇంట్లో మేము "పొట్ట నిండింది" అంటాం, బడిలో టీచరు "పేట భొరిగొలా" అంటారు. రెండు వేరు వేరు మాటలు విని వాడు తికమక పడేవాడు. పొట్ట మీద చేయి పెట్టుకుని రెండుసార్లు తట్టే సైగ ఒకటి కుదుర్చుకుని, ఇంటిలోనూ బడిలోనూ అదే వాడాం. సరిహద్దు ఊళ్ళలో పిల్లలకు ఈ చిక్కు ప్రతి మాటలోనూ ఉంటుంది. బొమ్మా, సైగా రెండు భాషలకూ సరిపోతాయి.

టైం పట్టికకు ఒక షరతు ఉంది. ఇంట్లో అందరూ పాటించాలి. మా అత్తగారికి మనవడంటే ప్రాణం. గుడ్డ కట్టి ఉండగానే కొంగు చాటున అరిసె పెట్టేవారు. "ఆకలన్న బిడ్డకు లేదనడం నా వల్ల కాదమ్మా" అనేవారు. ఆవిడ ప్రేమను కాదనలేను, ఆ అరిసెతో వారం కష్టమూ పోయేది. చివరకు సాయంత్రం నాలుగున్నర తిండి పెట్టే పని ఆవిడకే అప్పజెప్పాం. ఇప్పుడు గడియారం చూసేది ఆవిడే. ఇంట్లో పెద్దవాళ్ళను పట్టిక బయట ఉంచితే మీరే ఓడిపోతారు, అందులో వాళ్ళకు చోటివ్వండి.

మందు వల్ల వచ్చిన ఆకలి అయితే

ఆటిజంలో తీవ్రమైన కోపం, తనను తాను కొట్టుకోవడం, ఇతరులను కొట్టడం తగ్గించడానికి రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ అనే మందులు ఇస్తారు. ఆ చికాకు తగ్గించడానికి అమెరికాలో మొదటిదానికి 2006లో, రెండోదానికి 2009లో అనుమతి వచ్చింది. రెండూ ఆకలి పెంచుతాయి. 2002లో వెలువడిన ఒక పేరున్న పరీక్షలో 101 మంది పిల్లలను ఎనిమిది వారాలు చూశారు. రిస్పెరిడోన్ తీసుకున్నవాళ్ళు సగటున 2.7 కిలోలు పెరిగారు, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్ళు 0.8 కిలో పెరిగారు. అదే పరీక్షలో చికాకు బాగా తగ్గిందని కూడా తేలింది. అందుకే ఈ లెక్క అంత సులువైనది కాదు.

ఫిట్స్ ఉన్న పిల్లలకు ఇచ్చే వాల్‌ప్రోయేట్ కూడా ఆకలి, బరువు పెంచుతుంది. ఇంకొకటి మన వైపు బాగా చూస్తాను. ఒకప్పుడు తినని పిల్లవాడికి ఎవరో రాసిన "ఆకలి సిరప్" తర్వాత కూడా కొనసాగుతూ ఉంటుంది. సీసా మీద సైప్రోహెప్టడిన్ అని ఉందేమో చదవండి. అది ఆకలి పుట్టించేదే. మా ఇంట్లో ఆ సిరప్ ఏడాదిన్నర నడిచింది. మందుల షాపులో చీటీ లేకుండానే ఇచ్చేవారు, మేమూ బలం టానిక్ అనుకుని పోసేవాళ్ళం.

మందే కారణమని తేలితే మూడు దారులున్నాయి. మొదటిది, మందు అలాగే ఉంచి తిండి, నడక గట్టిగా చూసుకోవడం. పిల్లవాడు ఆ మందు వల్లే తల గోడకేసి కొట్టుకోవడం మానితే, బరువు నెమ్మదిగా మాత్రమే పెరుగుతుంటే నేను ఈ దారినే ఎంచుకుంటాను. రెండోది, మందు మార్చడం లేదా మోతాదు తగ్గించడం. ఏ కారణానికి మొదలుపెట్టారో ఆ కారణం ఇంకా ఉందా అని ఆరు నెలలకోసారి డాక్టరును అడగండి, చాలాసార్లు ఎవరూ అడగకుండానే సీసాలు మారుతూ ఉంటాయి. అరిపిప్రజోల్‌కు మారిస్తే బరువు పెరగదనే ధీమా మాత్రం వద్దు. మూడోది, మెట్‌ఫార్మిన్ కలపడం. షుగర్‌కు వాడే ఈ మాత్రను ఇలాంటి బరువు తగ్గించడానికి ఆటిజం ఉన్న 61 మంది మీద 16 వారాలు పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. ఆరేళ్ళ నుంచి పదిహేడేళ్ళ వయసు వాళ్ళు. మెట్‌ఫార్మిన్ తీసుకున్నవాళ్ళలో వయసుకు తగ్గట్టు చూసే బరువు లెక్క తగ్గింది, కడుపులో తిప్పడం, విరేచనాలు లాంటి ఇబ్బందులు ఎక్కువగా కనిపించాయి. ఒక మందు తెచ్చిన చిక్కుకు ఇంకో మందు అనేది నాకు మనసొప్పని దారే. పిల్లవాడి నడుము చుట్టుకొలత పెరుగుతూ, షుగర్ అంచుకు చేరి, మొదటి మందు ఆపలేని స్థితి ఉంటే అది సరైన దారి కావచ్చు. తేల్చాల్సింది పరీక్షలు చూసిన డాక్టరు.

ఏ దారైనా మందు మొదలుపెట్టే ముందు, మళ్ళీ మూడు నెలలకు బరువు, నడుము చుట్టుకొలత, పరగడుపు షుగర్, కొవ్వు పరీక్ష చేయించమని అడగండి. అడిగితే తప్పు పట్టరు. మందు మీరే హఠాత్తుగా ఆపేయకండి. ఫిట్స్ మందు ఆపితే ఫిట్స్ వస్తాయి, రిస్పెరిడోన్ ఆపితే పాత కోపం రెండింతలై తిరిగి రావచ్చు.

బహుమతిగా తిండి

ఇది చెప్పకుండా ఉండలేను. మేము వెళ్ళిన ఒక థెరపీ సెంటర్‌లో ప్రతి సరైన జవాబుకు ఒక చిప్ ముక్క ఇచ్చేవారు. పిల్లవాడు బుద్ధిగా కూర్చునేవాడు, మేమూ మెచ్చుకున్నాం. వారానికి ఐదు రోజులు, రోజుకో ప్యాకెట్, రెండేళ్ళు. ఇంట్లో కూడా జోడు వేసుకోమంటే చేయి చాచేవాడు.

తిండి బహుమతి త్వరగా పనిచేస్తుంది, నిజమే. అందుకే థెరపిస్టులకు అలవాటు. దాని బదులు మావాడికి ఉయ్యాల, నీళ్ళ బకెట్, సబ్బు నురగ, రైలు వీడియో ఒక నిమిషం పనిచేశాయి. మీ పిల్లవాడు తనంతట తాను ఏం చేస్తూ ఉంటాడో చూసి అదే బహుమతిగా పెట్టండి. ఐదు స్టిక్కర్లకు ఒక ఉయ్యాల అనే లెక్క పెద్ద పిల్లలకు బాగుంటుంది. తిండి తప్ప దేనికీ లొంగని పిల్లవాడైతే వేయించిన శనగపప్పు బద్ద అంత ముక్కలు చేసి ఇవ్వండి, అవి రోజు తిండి లెక్కలోంచే తీయండి. థెరపీని సాయంత్రం తిండి వేళకు ముందు పెట్టుకోండి. థెరపిస్టుతో ఈ మాట అనడానికి మొహమాటపడకండి. నేను రెండేళ్ళు పడ్డాను.

కంచంలో ఏది

మన సరిహద్దు ఊళ్ళలో పిల్లలు రెండు వంటిళ్ళ తిండి తింటారు, అది మన అదృష్టం. ఉదయం బండి మీద ఇడ్లీ, బరా, ఘుగుని. ఎండాకాలం పఖాళ, అంటే నీళ్ళలో నానబెట్టిన ఒడియా చద్దన్నం. సాయంత్రం ముఢీ, అంటే మరమరాలు, మిక్స్చర్.

చిప్స్, ముఢీల మధ్య ఎంచుకోవాలంటే ముఢీ నయం, నూనె ఉండదు. కానీ అందులో కడుపు నిలబెట్టే పదార్థం తక్కువ, గిన్నెడు తిని గంటకు మళ్ళీ అడుగుతాడు. ముఢీలో మిక్స్చర్ బదులు ఉడికించిన శనగలు, ఉల్లి, కీరా, వేరుశనగలు కలిపి పెట్టండి. కరకరా ఉంటుంది, నమలాలి, నిలుస్తుంది. వేరుశనగలు గొంతుకు అడ్డం పడకుండా చిన్న పిల్లలకు దంచి వేయండి.

పఖాళ గానీ మన చద్దన్నం గానీ చెడ్డవి కావు. చిక్కు ఏమిటంటే నమలక్కర్లేదు, జారిపోతాయి. గబగబా తినే పిల్లవాడు ఎంత తిన్నాడో తెలియదు. పక్కన వేయించిన కూర, చేప, గుడ్డు పెట్టి, అన్నం గరిటెతో కొలిచి పెట్టండి. అన్నం, ఆలూ వేపుడు కన్నా అన్నం, డాల్మా ఎన్నో రెట్లు మేలు. పప్పులో బొప్పాయి, గుమ్మడి, వంకాయ, మునగ వేసి ఉడికించే ఆ ఒడియా పప్పు మా ఇంట్లో సాంబారు చోటు తీసుకుంది. మావాడు ముక్కలు కనబడితే తీసేస్తాడు, అందుకే మెదిపేస్తాను. ఆటిజం పిల్లలు తినే రకాలు తక్కువ కాబట్టి ఒక్కసారిగా అన్నీ మార్చకండి, తినే రకమే పూర్తిగా మానేసే ప్రమాదం ఉంది. ఉన్నదాని పక్కన కొత్తది ఒక చెంచా, వారాల తరబడి.

పాలలో కలిపే డబ్బా పొడుల్లో పంచదార ఉంటుంది, డబ్బా వెనక చదివితే కనబడుతుంది. దాని బదులు చోడి (రాగి) అంబలి, మజ్జిగ వేసి. బాటిల్ జ్యూసులు, కూల్‌డ్రింకులు ఇంట్లోకే రానివ్వకండి. తాగిన తీపి కడుపు నింపదు. చాలాసార్లు అది దాహమే అయి ఉంటుంది, నీళ్ళ గ్లాసు బొమ్మను కూడా పట్టికలో పెట్టండి.

గోధుమలూ పాలూ పూర్తిగా మాన్పించే ఆహారం ఆటిజాన్ని తగ్గిస్తుందని చెప్పేవాళ్ళు మన దగ్గరా ఉన్నారు. ఇప్పటిదాకా జరిగిన పరీక్షల్లో దానికి గట్టి ఆధారం దొరకలేదు, అతి ఆకలికి అది మందు అసలే కాదు. సీలియాక్ జబ్బో, పాలు పడకపోవడమో పరీక్షలో తేలితే తప్ప నేను ఆ దారి పట్టను. పాలు మాన్పిస్తే కాల్షియం ఎక్కడిదో ముందే చూసుకోవాలి.

ఎక్కడ చూపించాలి

జిల్లా ప్రధాన ఆసుపత్రిలో ఉండే ప్రారంభ జోక్య కేంద్రం, అంటే డిఇఐసి, పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా పిల్లలకు ఉచితం. బడికి వచ్చే ఆరోగ్య బృందం అక్కడికే పంపుతుంది. దగ్గర, నెలనెలా బరువు చూపించుకోవచ్చు. జన్యు పరీక్షలు, హార్మోను డాక్టరు ఉండరు. బ్రహ్మపురలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో పిల్లల విభాగం, మానసిక విభాగం రెండూ ఒకే ఆవరణలో ఉంటాయి. శ్రీకాకుళం ప్రభుత్వ మెడికల్ కాలేజీ, వైజాగ్ కేజీహెచ్‌లో తెలుగులో మాట్లాడుకోవచ్చు, అది చిన్న విషయం కాదు. పిల్లవాడి ప్రవర్తన గురించి మన భాషలో చెప్పినంత బాగా ఇంకో భాషలో చెప్పలేం. అయితే ఆంధ్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం మన ఒడిశా రేషను కార్డు మీద వర్తించదు, ఖర్చు లెక్క వేసుకుని వెళ్ళండి. భువనేశ్వర్ ఎయిమ్స్ దూరమైనా జన్యు అనుమానం ఉన్నప్పుడు ఒక్కసారి వెళ్ళడం మేలు.

నా లెక్క ఇది. ఏడాదికొకసారి చూసే పెద్ద డాక్టరు కన్నా నెలకొకసారి అదే తూకం మీద బరువు రాసే చిన్న ఆసుపత్రి ఈ సమస్యకు ఎక్కువ పనికొస్తుంది. పెద్ద ఆసుపత్రిలో కారణం తేల్చుకోండి, దగ్గరి ఆసుపత్రిలో కొనసాగించండి. బరువు ఒక్కటే చూసి కంగారు పడకుండా ఎత్తుతో కలిపి చూడమనండి. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో ఇచ్చిన పట్టికల్లో 5 నుంచి 18 ఏళ్ళ మన పిల్లలకు బీఎమ్ఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు లెక్క, గీతలున్నాయి. అధిక బరువు, ఊబకాయం ఎక్కడ మొదలవుతాయో అవి చూపిస్తాయి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల్లో ఆటిజం ఒకటి. యూడీఐడీ కార్డు, అంటే వికలాంగుల గుర్తింపు కార్డు, దేశమంతా చెల్లుతుంది, సరిహద్దు దాటినా పనికొస్తుంది. నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా ఉంటుంది, థెరపీ ఖర్చులో కొంత అందులో వస్తుంది. రెండూ లేకుంటే ముందు అవి చేయించుకోండి.

పెళ్ళిళ్ళు, రథయాత్ర, భోగం

ఇంట్లో ఎంత కుదిరినా బయట వడ్డనల దగ్గర చెదిరిపోతుంది. ఒక దారి, తీసుకెళ్ళకపోవడం. రెండేళ్ళు అదే చేశాం, నేనో మా ఆయనో ఇంట్లో ఉండిపోయేవాళ్ళం. చుట్టాలు వాడి ముఖం మరిచిపోసాగారు. రెండో దారి, ఇంట్లో తినిపించి తీసుకెళ్ళడం. బఫే చూశాక తిన్నది లెక్కకు రాదు. మూడోది మాకు కుదిరింది. మా తిండి పట్టిక వెంట తీసుకెళతాం, మొదటి పంక్తిలోనే చివరి కుర్చీలో కూర్చోబెడతాం, వడ్డించేవాళ్ళకు ముందే చెప్పి మేమే వడ్డిస్తాం. స్వీటు ఏది కావాలో ఒకటి వాడే చూపిస్తాడు. తిన్నాక ఆ హాలు నుంచి బయటికి, మహేంద్రతనయ ఒడ్డు దాకా నడక. మొన్న మాఘమాసంలో పాతపట్నంలో పెళ్ళికి వెళ్ళాం. రెండో గులాబ్‌జామ్ అడిగాడు. ఇసుక గడియారం తిప్పి బల్ల మీద పెట్టాను. ఇసుక సగం కూడా జారకముందే లేచి, పొట్ట మీద రెండుసార్లు తట్టుకుని, చెప్పులు వేసుకోవడానికి వెళ్ళాడు.